"గెట్" ఒక్కటే, అర్థాలు బోలెడు. మీరెలా పట్టుకున్నారు?

సందేహాలపుట్ట:
అందరికీ నమస్కారం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయడమూ ఫర్వాలేదు, మాట్లాడేటప్పుడు మాత్రం "గెట్" దగ్గరికొచ్చేసరికి నోరు ఆగిపోతోంది. నిఘంటువు తీస్తే మొదట "పొందు" అని ఉంటుంది. అసలు మనం మాటల్లో "పొందు" అని ఎప్పుడైనా అంటామా? మొన్న ఒక సిరీస్ చూస్తూ వరసగా రాసుకున్నా: "ఐ డోంట్ గెట్ ఇట్", "గెట్ ఇన్", "షీ గాట్ ఫైర్డ్", "ఐ గాట్ టు మీట్ హిమ్", "ఐల్ గెట్ ఇట్". వీటిలో ఒక్కదాంట్లోనూ "పొందు" పనికిరాదు. బట్టీ పట్టకుండా దీన్ని ఎలా వంటబట్టించుకున్నారో, ఎక్కడెక్కడ తేడా కొడుతుందో చెప్పండి. ఇంటర్వ్యూలు దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

అనువాదాలపని:
"గెట్"కి అర్థం "గెట్"లో వెతికితే దొరకదండీ, దాని పక్కన ఏముందో చూడాలి. పక్కన వస్తువో విషయమో ఉంటే, అంటే "గెట్ ఎ జాబ్", "గెట్ ఎ లెటర్", "గెట్ ఎ కోల్డ్" లాంటివైతే, దొరకడం, రావడం, పట్టుకోవడం. పక్కన "ఆంగ్రీ", "టైర్డ్", "బెటర్" లాంటి విశేషణం ఉంటే అలా మారడం. "గెట్ హోమ్", "గెట్ టు ద స్టేషన్" అని చోటు పేరొస్తే చేరడం. పక్కన క్రియ మూడో రూపం వస్తే, "గాట్ ఫైర్డ్", "గాట్ కాట్" లాగా, అది మనకి జరిగింది అని. మీ లిస్టులో "షీ గాట్ ఫైర్డ్" అదే, ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు.

వీటన్నిటికీ కలిసే చోటు ఒకటుంది. ఇంతకుముందు లేనిది ఇప్పుడు ఉంది, అంటే మార్పు. అందుకే "ఐ యామ్ మ్యారీడ్" అంటే పెళ్ళయినవాణ్ణి అని పరిస్థితి చెప్పడం, "ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2019" అంటే ఫలానా ఏడు పెళ్ళి జరిగిందని చెప్పడం. "ద డోర్ వాజ్ లాక్డ్" అన్నారనుకోండి, తాళం వేసి ఉందా, ఎవరో వేశారా అన్నది రెండు విధాలా తీసుకోవచ్చు. "గాట్ లాక్డ్" అంటే మాత్రం తాళం పడింది అనే, ఆ క్షణమే కళ్ళముందు ఉంటుంది. (పనిలో పనిగా: ఈ మాట ఇంగ్లీషు సొంతం కాదు, పాత నార్స్ భాషలోని "గెటా" నుంచి వచ్చింది. "ఫర్‌గెట్", "బిగెట్" కూడా ఈ మూలానికి చుట్టాలే. పరీక్షలో అడగరు, ఊరికే చెప్పా.)

గ్రామర్‌పిచ్చి:
పైన చెప్పింది కరెక్టే కానీ తెలుగువాళ్ళకి ఇంకో దగ్గరి దారి ఉంది. మన "వచ్చు" చాలాచోట్ల "గెట్" చేసే పనే చేస్తుంది. నాకు జ్వరం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, మెయిల్ వచ్చింది, కోపం వచ్చింది. చిక్కెక్కడంటే మన వాక్యంలో జ్వరమే కర్త, మనిషి "నాకు" అంటూ ఓ పక్కన ఉంటాడు. ఇంగ్లీషులో ఆ మనిషిని తెచ్చి ముందు నిలబెట్టాలి. అంతవరకు చాలామంది బాగానే చేస్తారు, ఆ తర్వాతే జారతారు. మనకి కోపం, ఆకలి, నిద్ర, విసుగు అన్నీ నామవాచకాలు కాబట్టి అక్కడా నామవాచకమే పెట్టేసి "ఐ యామ్ గెటింగ్ స్లీప్", "ఐ గాట్ యాంగర్" అంటారు. అక్కడ విశేషణం కావాలి: "గెటింగ్ స్లీపీ", "గాట్ ఆంగ్రీ", "గాట్ హంగ్రీ", "గాట్ బోర్డ్". జ్వరానికి మాత్రం నామవాచకమే, కాకపోతే ముందు "ఎ" ఉండాలి.

ఇంకోటి, ఇది నాకు ఒళ్ళుమండే విషయం: "ఐ గాట్ ఎ డౌట్". మనకి డౌట్ వచ్చింది అంటే ఏదో అడగాలని. వాళ్ళకి డౌట్ అంటే నమ్మకం కుదరడం లేదని. పాఠం చెప్పే మనిషితో అలా అంటే "నువ్వు చెప్పింది నిజమేనా" అన్నట్టుంటుంది. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అంటే సరిపోతుంది.

రాత్రిషిఫ్ట్:
హహ, ఇది చదివాక ఆగలేకపోతున్నా. మా టీమ్‌లో ఒకతను పెళ్ళి సెలవు అయ్యాక వేరే దేశంలో ఉన్న మేనేజరుకి "మై మ్యారేజ్ గాట్ ఓవర్, ఐ విల్ జాయిన్ ఆన్ మండే" అని మెయిల్ కొట్టాడు. ఆయన దగ్గర్నుంచి "ఐ యామ్ సో సారీ టు హియర్ దట్, టేక్ ఆల్ ద టైమ్ యూ నీడ్" అని జవాబు. మనవాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు, పెళ్ళయితే సారీ ఎందుకు చెప్తున్నాడు అని అందరికీ చూపించాడు. మ్యారేజ్ అంటే వాళ్ళకి పెళ్ళిరోజు జరిగే తంతు కాదు, కాపురం. అది ఓవర్ అయితే విడాకులే. పెళ్ళి తంతుకి "వెడ్డింగ్" ఉంది, లేదా హాయిగా "ఐ గాట్ మ్యారీడ్" అంటే అయిపోతుంది.

ఈ "గాట్ ఓవర్" అనే అలవాటు మనకి ఎక్కువ. క్లాస్ గాట్ ఓవర్, మీటింగ్ గాట్ ఓవర్. మనలో మనకి ఇబ్బంది లేదు, ఈ దేశంలో అందరం అంటాం. బయటివాళ్ళకి మాత్రం "గెట్ ఓవర్" అంటే జబ్బు నుంచో బాధ నుంచో తేరుకోవడం. మీటింగ్ "ఈజ్ ఓవర్" అనో "ఎండెడ్" అనో అంటే గొడవే లేదు.

అలాగే "ఐ యామ్ గెటింగ్ లేట్". పొద్దుపోతోంది అంటే "ఇట్స్ గెటింగ్ లేట్", నాకు ఆలస్యమవుతోంది అంటే "ఐ యామ్ రనింగ్ లేట్". బస్సు దిగడానికి "గెట్ డౌన్" కాదు, "గెట్ ఆఫ్". కారయితే "గెట్ అవుట్". నిలబడి నాలుగడుగులు వెయ్యగలిగే బస్సు, రైలు, విమానం లాంటివాటికి ఆన్-ఆఫ్, వంగి దూరే కారుకి ఇన్-అవుట్. ఇది గుర్తుపెట్టుకుంటే సందేహాలపుట్ట గారి "గెట్ ఇన్" కూడా తేలిపోతుంది, "ఎక్కు, బండెక్కు" అని.

పాతబడి:
మా రోజుల్లో మాస్టారు ఒకటే చెప్పేవారు, "గెట్" రాస్తే మార్కు కోసేస్తానని. "రిసీవ్", "అబ్టైన్", "బికమ్" రాయాలి. అన్ని అర్థాలున్న మాటంటే ఏ అర్థమూ సరిగ్గా లేని మాటని ఆయన లెక్క. నాకు ఇప్పటికీ అదే సబబనిపిస్తుంది. వాడకపోతే తప్పే ఉండదు కదా?

అనువాదాలపని:
కాగితం మీదైతే మాస్టారితో సగం ఒప్పుకుంటానండీ. దరఖాస్తులో "ఐ గాట్ యువర్ లెటర్" కంటే "ఐ రిసీవ్డ్" బాగుంటుంది. నోటితో మాట్లాడేటప్పుడు మాత్రం అలా కుదరదు. "ఐ బికేమ్ టైర్డ్, సో ఐ రిటర్న్డ్ టు మై రెసిడెన్స్" అన్నవాణ్ణి వినండి, వ్యాకరణం తప్పు లేదు, మనిషే కనపడడు. పైగా ఎదుటివాళ్ళు వాడతారు కదా, మనం వాడకపోయినా విని అర్థం చేసుకోవాల్సిందే.

పాతబడి:
అదీ నిజమే లెండి. మాస్టారు వినడం గురించి ఏమీ చెప్పలేదు.

సుద్దముక్క:
నేను పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పట్టేది ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. చేయించడం. మనకి ఎంత సుఖమో చూడండి, క్రియకి "ఇంచు" తగిలిస్తే చాలు: కట్టు, కట్టించు, కోయు, కోయించు, రాయు, రాయించు. ఇంగ్లీషులో ఆ తోక లేదు, ఆ పని "గెట్", "హావ్" చెయ్యాలి. "ఐ కట్ మై హెయిర్" అంటే అద్దం ముందు నిలబడి నా కత్తెరతో నేనే కత్తిరించుకున్నానని. వేరేవాళ్ళ చేత చేయించుకుంటే "ఐ గాట్ మై హెయిర్ కట్". వరస చూడండి: ముందు గాట్, తర్వాత వస్తువు, చివర మూడో రూపం. పిల్లలు "ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్" అంటారు, అది కుదరదు. "ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్."

చేసే మనిషిని కూడా చెప్పాలంటే వాక్యం మారుతుంది, "టు" వచ్చి చేరుతుంది. "ఐ గాట్ హిమ్ టు సైన్". ఇదే మాట "మేడ్ హిమ్ సైన్" అంటే బలవంతపెట్టి చేయించానని, "హాడ్ హిమ్ సైన్" అంటే చెప్పాను చేశాడని, "గాట్ హిమ్ టు సైన్" అంటే బతిమాలో నచ్చజెప్పో మొత్తానికి ఒప్పించానని. మొదటి రెండింటికీ "టు" ఉండదు, గెట్‌కి తప్పకుండా ఉండాలి. సంతకం ఒకటే, వెనక జరిగిన కథ మూడు రకాలు.

ఒక మెలిక ఉంది. "హీ గాట్ హిజ్ వాలెట్ స్టోలెన్" అంటే కావాలని పర్సు కొట్టేయించుకున్నాడని కాదు, కొట్టేశారు పాపం. వాక్యం కట్టుబడి అచ్చం అదే, చేయించాడా, అతనికి జరిగిందా అన్నది ఇంగితంతో తెలుసుకోవాలి. పిల్లలు ఇక్కడ నవ్వుతారు, ఆ నవ్వుతోనే గుర్తుంటుంది కూడా.

సందేహాలపుట్ట:
మేడమ్, ఇది స్కూల్లో ఎవరైనా ఇలా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మరి "ఐ గాట్ టు మీట్ హిమ్" సంగతేంటి? ఇందులో "టు" ఉంది, మనిషి చివర్లో ఉన్నాడు. కలవాల్సి వచ్చిందనా?

గ్రామర్‌పిచ్చి:
కాదు, దాదాపు ఉల్టా. "గెట్ టు" అంటే అవకాశం దొరకడం, కలిసే భాగ్యం కలిగింది అన్నట్టు. "యూ హావ్ టు చూజ్" అంటే ఎంచుకోక తప్పదు, "యూ గెట్ టు చూజ్" అంటే నీ ఇష్టం, ఎంచుకోనిస్తారు. అసలు తలనొప్పి "ఐవ్ గాట్ టు"తో. అది కలవాలి, తప్పదు అని. మాట్లాడేటప్పుడు ఆ మధ్యలో "వ్"ని మింగేస్తారు, "గాటా" అయిపోతుంది. అప్పుడు చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. జరిగిపోయిన కథ చెప్తున్నాడా, జరగాల్సిన పని చెప్తున్నాడా అన్నదే ఆధారం. "యెస్టర్‌డే" వినపడిందంటే అవకాశమే, నిన్న కలవాల్సి వచ్చింది అనడానికి "హాడ్ టు" అంటారు కాబట్టి.

"ఐ గాట్ టు నో" కూడా చూసుకోండి. మనం "నాకు తెలిసింది" అనడానికి వాడేస్తాం. దానికి "ఐ ఫౌండ్ అవుట్" ఉంది. "గెట్ టు నో" మనిషితో మెల్లగా పరిచయం పెరగడానికి.

రాత్రిషిఫ్ట్:
గాటెన్ గురించి కూడా ఎవరైనా చెప్పండి, మా అమెరికా క్లయింట్లు తెగ వాడతారు, బ్రిటన్ వాళ్ళు వాడరు.

అనువాదాలపని:
బ్రిటన్‌లో మూడో రూపం కూడా "గాట్" అయిపోయింది, అమెరికా వాళ్ళు పాతది వదల్లేదు. అయితే వాళ్ళు రెండూ వాడతారు. "ఐవ్ గాట్ ఎ కార్" అంటే నా దగ్గర కారుంది. "ఐవ్ గాటెన్ ఎ కార్" అంటే కారు సంపాదించాను, కొనుక్కున్నాను. "ఇట్స్ గాటెన్ కోల్డ్" అంటే చలి పెరిగింది. ఏదో ఒక పద్ధతి పట్టుకోండి, చాలు.

సందేహాలపుట్ట:
ఆఖరి రెండూ. "ఐల్ గెట్ ఇట్", "ఐ డోంట్ గెట్ ఇట్". ఇంటర్వ్యూలో ప్రశ్న అర్థం కాకపోతే "ఐ యామ్ నాట్ గెటింగ్ యూ" అనొచ్చా?

సుద్దముక్క:
బెల్లో ఫోనో మోగితే "ఐల్ గెట్ ఇట్" అంటారు, ఉండండి నేను చూస్తా అని. రెండోది అర్థం కావడం లేదని. ఈ అర్థంలో "గెట్"ని మామూలుగా "-ఇంగ్"తో వాడరు, అందుకే మీ వాక్యం వాళ్ళకి వింతగా ఉంటుంది, పైగా తప్పు ఎదుటివాడిదన్నట్టు ధ్వనిస్తుంది. "ఐ డోంట్ గెట్ ఇట్" కూడా ఇంటర్వ్యూలో కాస్త మొరటు. "సారీ, ఐ డిడెంట్ క్వైట్ గెట్ దట్, కుడ్ యూ సే ఇట్ అగెయిన్?" అనండి. మాట సరిగ్గా వినపడకపోయినా, వినపడి అర్థం కాకపోయినా రెండింటికీ పనికొస్తుంది, ఏది నిజమో వాళ్ళకి తెలియదు కూడా.