మాట తప్పినోడు జడ్జి అయితే అతని తీర్పు కూడా తప్పేనా? ఐర్లాండ్ జడ్జి విలియం కియో గురించి

శ్రీను_లా:
రెండు వారాలుగా ఐర్లాండ్ పాత కోర్టు కేసులు చదువుతూ ఒక మనిషి దగ్గర ఆగిపోయాను, అందుకే ఇక్కడ పెడుతున్నా. విలియం కియో, 1817లో గాల్వేలో పుట్టాడు, క్యాథలిక్, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివి 1840లో లాయరయ్యాడు, 1847లో అథ్లోన్ ఎంపీ. కౌలు రైతులకి హక్కులివ్వని, క్యాథలిక్ బిషప్పుల బిరుదుల మీద తెచ్చిన చట్టం ఎత్తెయ్యని ఏ ప్రభుత్వానికీ మద్దతివ్వనని 1852లో దేవుడి సాక్షిగా ఒట్టేశాడు. అదే ఏడాది డిసెంబర్‌లో బ్రిటన్ ప్రధాని లార్డ్ అబర్డీన్ ప్రభుత్వంలో ఐర్లాండ్ సొలిసిటర్ జనరల్ పోస్టు తీసుకున్నాడు. 1855లో అటార్నీ జనరల్, 1856లో కామన్ ప్లీస్ కోర్టు జడ్జి. మాట తప్పాడు, ఒప్పుకుంటా. కానీ 1872లో గాల్వే ఎలక్షన్ కేసులో ఫాదర్లు ఓటర్లని బెదిరించారని, అందుకే గెలిచినోడి ఎన్నిక చెల్లదని తీర్పిచ్చినందుకు అతని దిష్టిబొమ్మలు తగలబెట్టారు. నా ప్రశ్న ఆ తీర్పు గురించే. చెప్పినోడు చెడ్డోడైతే చెప్పింది కూడా చెడ్డదైపోతుందా? నేను కాదంటాను.

కృష్ణవేణి:
శ్రీను గారూ, మాట తప్పాడు ఒప్పుకుంటా అని ఒక్క ముక్కలో దాటేశారు, అది దాటేసే విషయం కాదండి. అప్పుడే కరువులో పది లక్షల మంది దాకా పోయారు, మిగిలినోళ్ళని భూస్వాములు ఇళ్ళలోంచి గెంటేస్తున్నారు, ఆ టైంలో కౌలుదార్ల కోసం నలభై మందికి పైగా ఎంపీలు ఒక్క మాట మీద నిలబడతామన్నారు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ముందు గోడ దూకినోళ్ళలో కియో ఒకడు, అతని స్నేహితుడు జాన్ సాడ్లియర్ ఇంకొకడు. ఆ సాడ్లియర్ బ్యాంకు 1856లో మునిగిపోయి చిన్న చిన్న రైతుల డబ్బు పోయింది, అతను విషం తాగి చచ్చాడు, అదే ఏడాది కియో జడ్జి అయ్యాడు. ఆ ఉద్యమం నడిపిన గావన్ డఫీ అయితే మనసు విరిగి 1855లో ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు.
ఇంకో సంగతి, పదవి తీసుకున్న ఎంపీ ఆ రోజుల్లో మళ్ళీ ఎన్నిక గెలవాలి. అథ్లోన్‌లో కియో గెలిచింది ఎల్ఫిన్ బిషప్ అండతో. తనకి ఓట్లేయించినప్పుడు చర్చి మంచిది, ఇరవై ఏళ్ళకి ఇంకొకరికి వేయిస్తే బెదిరింపా?

డబ్లిన్_తెలుగోడు:
నేను ఉండేది ఇక్కడే కాబట్టి చూసింది చెప్తా. టిప్పరరీలో లాఫ్‌మోర్ అని చిన్న ఊరు, చర్చి పక్కన సమాధి, దాని మీద డానియల్, విలియం కార్మాక్ అని ఇద్దరు అన్నదమ్ముల పేర్లు. భూస్వామి దగ్గర ఏజెంటుగా ఉన్న ఎల్లిస్ అనే అతన్ని చంపారని 1858 మే 11న నీనా జైలు బయట ఉరి తీశారు, ఉరికంబం మీద కూడా మేం చెయ్యలేదనే చెప్పారంట. 1910లో వాళ్ళ శవపేటికలు తవ్వి తీసి ఇక్కడికి తెచ్చారు. ఆ రాయి మీద అబద్ధపు సాక్ష్యం, కుమ్మక్కైన జ్యూరీ అని రాసి, విచారణ చేసిన జడ్జి కియో పేరు కూడా చెక్కి, మనుషుల్లో రాక్షసుల్లాంటి వాడని రాశారు. సమాధి రాయి మీద చనిపోయినోళ్ళ పేర్లు చూస్తాం గానీ జడ్జిని తిట్టడం నేనెక్కడా చూడలేదు, చాలాసేపు అక్కడే నిలబడిపోయా.
మన వి.వి. గిరి గారు 1913లో వచ్చి లా చదివిన కింగ్స్ ఇన్స్ ఇదే డబ్లిన్‌లో ఉంది, అక్కడ చదువుకునే పిల్లలకి కియో లాంటి వాళ్ళ కథలు తెలియాలి అనిపిస్తది.

శ్రీను_లా:
ఆ రాయి బాధ నాకర్థమైంది అన్నా. కానీ అది యాభై ఏళ్ళ తర్వాత పెట్టింది, అప్పటికే ఆయనంటే జనానికి మంట. నేను 1872 గురించి అడుగుతున్నా. అప్పుడు రహస్య ఓటు లేదు, ఓటరు ఎవరికి వేస్తున్నాడో అందరి ముందూ నోటితో చెప్పాలి, ఒక పక్క భూస్వామి మనిషి, ఇంకో పక్క ఊరి ఫాదర్. పోటీ ఫాదర్ల మద్దతున్న కెప్టెన్ నోలన్‌కి, లార్డ్ క్లాంకార్టీ కొడుకు ట్రెంచ్‌కి. నోలన్‌కి నాలుగింతల ఓట్లొచ్చాయి. గుడిలో బలిపీఠం దగ్గర నిలబడి ఫలానా వాడికి వేస్తే నీ సంగతి చూస్తా అంటే అది ఒత్తిడి కాదా? 1868 చట్టంతో ఎలక్షన్ పిటిషన్లు జడ్జిలకే ఇచ్చారు, కియో వినక తప్పదు, విన్నాడు, చెప్పాడు.

రిటైర్డ్_ప్లీడర్:
బాబూ శ్రీను, నేను నలభై ఏళ్ళు జిల్లా కోర్టుల్లో తిరిగినవాణ్ణి, ఒక మాట చెప్తా విను. తీర్పులో ఫలితం ఒకటి, చెప్పిన తీరు ఇంకొకటి. కియో ఆ తీర్పు తొమ్మిది గంటల పాటు చదివాడు. ఆర్చిబిషప్ మెక్‌హేల్‌తో సహా ముగ్గురు బిషప్పుల మీద, బోలెడంత మంది ఫాదర్ల మీద నోటికొచ్చినట్టు మాట్లాడాడు, భూస్వాముల్ని మాత్రం మెచ్చుకున్నాడు. సాక్ష్యం తూచేవాడు రెండు తక్కెడలూ చూడాలి కదా నాన్నా. ఆఖరికి ఓడిన ట్రెంచ్ పార్లమెంటులో కూర్చున్నాడు. ఆ ముగ్గురిలో ఒకడైన బిషప్ డగ్గన్ మీద తర్వాత కేసు పెడితే జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. ఐరిష్ ఎంపీల నాయకుడు ఐజాక్ బట్ పార్లమెంటులో కియో మీద తీర్మానం పెడితే ఓడిపోయింది, అక్కడ ఉన్న సంఖ్య అలాంటిది.

ఓరుగల్లు_పిల్ల:
నాకొకటి చెప్పున్రి, గా నోలన్ మీద ఫాదర్లకు గంత ప్రేమెందుకు?

రిటైర్డ్_ప్లీడర్:
మంచి ప్రశ్న అమ్మా. నోలన్ కూడా భూస్వామే, తన ఎస్టేటులో పోర్టకారన్ అనే చోట కౌలుదార్లని ఖాళీ చేయించాడు. తర్వాత ఆ తగవు మధ్యవర్తులకి వదిలి, వాళ్ళు చెప్పినదానికి కట్టుబడ్డాడు. తప్పు చేసి దిద్దుకున్న మనిషని జనం నమ్మారు.

కృష్ణవేణి:
అసలు పాయింటు ఎవరూ అనలేదు. 1872 జులైలోనే రహస్య ఓటు చట్టం వచ్చింది. 1874లో అదే గాల్వేలో, ఫాదర్‌కీ తెలియకుండా భూస్వామికీ తెలియకుండా, జనం పెట్టెలో ఓటేశారు. గెలిచింది ఎవరనుకున్నారు, నోలన్! భయపడి వేసిన ఓటైతే భయం పోయాక మారాలి కదండీ.

డబ్లిన్_తెలుగోడు:
సూపర్ అక్కా. నేనూ ఒకటి కలుపుతా. 1865లో గ్రీన్ స్ట్రీట్ కోర్టులో ఫీనియన్ల (ఇంగ్లండ్ పాలన మీద తిరుగుబాటుకి సిద్ధమైన ఐరిష్ రహస్య సంఘం వాళ్ళు) కేసులకి జడ్జిలు కియో, ఫిట్జెరాల్డ్. జాన్ ఓలీరీకి ఇరవై ఏళ్ళు, ఓడోనవన్ రొస్సాకి యావజ్జీవం. ఓలీరీ బోనులో నిలబడి, ద్రోహులని నరకంలో అట్టడుగున వేశాడు కవి డాంటే, కానీ నేను నా దేశానికీ స్నేహితుడికీ ద్రోహం చెయ్యలేదు, ఇంగ్లండ్ నా దేశం కాదు అని చెప్పి ఊరుకున్నాడు. పైన కూర్చున్నది ఒట్టు తప్పిన కియో. ఆ గదిలో ఉన్నోళ్ళందరికీ ఆ మాట ఎక్కడ తగిలిందో తెలిసే ఉంటది.

ఓరుగల్లు_పిల్ల:
మరి ఆయన ఇంటోళ్ళ సంగతేంది? గీ తిట్లన్నీ వాళ్ళు కూడ మోసిన్రా?

రిటైర్డ్_ప్లీడర్:
భార్య కేట్ రూనీ, గాల్వే డాక్టరు కూతురు. కూతురు మేరీని జేమ్స్ మర్ఫీ అనే లాయరుకి ఇచ్చారు, అతనూ తర్వాత జడ్జి అయ్యాడు, డబ్లిన్‌లో 1882లో ఇద్దరు పెద్ద ప్రభుత్వాధికారుల్ని చంపిన ఫీనిక్స్ పార్క్ హత్యల కేసులో ప్రభుత్వం తరఫున వాదించింది కూడా ఆ మర్ఫీయే. కియోకి చివర్లో మనసు అదుపు తప్పింది, 1878 సెప్టెంబర్‌లో జర్మనీలో బింగెన్ అనే ఊళ్ళో పోయాడు, బాన్‌లో పాతిపెట్టారు. సొంత గడ్డ మీద ఆరడుగుల నేల కూడా తీసుకోలేదు, అది తలుచుకుంటే మాత్రం నాకు జాలేస్తుంది.

శ్రీను_లా:
కృష్ణవేణి గారి 1874 మాటకి నా దగ్గర జవాబు లేదు, నిజాయితీగా చెప్తున్నా. బలిపీఠం మీద నుంచి బెదిరించడం తప్పే అన్నదాన్ని మాత్రం వదలను, ఏ మతంలోనైనా. కానీ సీటు ట్రెంచ్‌కి వెళ్ళడం సరైందని ఇక వాదించలేను. ఆ తొమ్మిది గంటల తీర్పు మొత్తం పాఠం సంపాదించి చదువుతా, భూస్వాముల గురించి ఎన్ని లైన్లు ఉన్నాయో లెక్కపెట్టి మళ్ళీ ఇక్కడే రాస్తా.