పీరియడ్స్ నొప్పికి స్కూల్లో మాత్ర ఇవ్వరట, మీ పిల్లల స్కూల్స్‌లో ఎలా ఉంది?

కూకట్‌పల్లి అమ్మ:
మా పాప ఏడో క్లాస్. మొన్న స్కూల్లో ఉండగా పీరియడ్స్ వచ్చి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది, సిక్ రూమ్‌లో పడుకోబెట్టి వేడినీళ్ల బ్యాగ్ ఇచ్చారు గానీ మాత్ర ఇవ్వలేదు, నేను ఫోన్లో ఇవ్వండి మేడమ్ అని బతిమాలినా డాక్టర్ చీటీ లేకుండా పారాసెటమాల్ కూడా ఇవ్వకూడదని రూల్ అట. బ్యాగ్‌లో పెట్టి పంపుదామంటే అదీ ఒప్పుకోరు. ఆ ట్రాఫిక్‌లో నేను వెళ్లేదాకా పిల్ల ఏడుస్తూనే ఉంది. ఒక్క మాత్రకి ఇంత రూలా?

నర్సమ్మ:
నేను స్కూల్ నర్స్‌ని అండి. పొద్దున ఇంట్లో డోలో వేసి పంపిస్తారు, డైరీలో రాయరు, కాసేపటికి తలనొప్పని వస్తే మేం క్రోసిన్ ఇస్తాం అనుకోండి, రెండూ పారాసెటమాలే కదా. ఒక్క డోసు పిల్లల బరువులో కిలోకి 15 మిల్లీగ్రాములు దాటకూడదు, డోసుకీ డోసుకీ కనీసం 4 గంటలు గ్యాప్ ఉండాలి. 20 కిలోల పిల్లకి 650 మిల్లీగ్రాముల మాత్ర వేస్తే ఒక్కసారికే రెట్టింపు దాటిపోతుంది. బ్యాగ్‌లో ఉంటే పక్క పిల్లలకీ పంచేస్తారు, అందుకే వద్దంటాం. కానీ నెలనెలా వచ్చే నొప్పికి ముందే దారి చూపించకపోవడం స్కూల్ తప్పే. డాక్టర్ దగ్గర మందు పేరు, డోసు రాయించి, మీ సంతకంతో, స్ట్రిప్ కత్తిరించకుండా ఇచ్చి ఉంచండి. ఇచ్చిన టైమ్ రిజిస్టర్‌లో రాసి మీకు మెసేజ్ పెట్టమని అడగండి.

ఎడిసన్ నాన్న:
ఇక్కడ న్యూజెర్సీలో మా బాబు స్కూల్లోనూ అంతే, టైలెనాల్‌కి (ఇక్కడి పారాసెటమాల్) కూడా డాక్టర్ సంతకం, మన సంతకం రెండూ కావాలి. కాకపోతే ఆ ఫామ్ స్కూల్ తెరిచే ముందే ఇచ్చేస్తారు, మధ్యలో హడావిడి ఉండదు. మీ వాళ్లని కూడా అడ్మిషన్ పేపర్లతోనే ఇమ్మని గట్టిగా అడగండి.

వరంగల్ పిల్ల:
రూల్ ఉండాల్సిందే అక్కా. నిమెసులైడ్ అనే నొప్పి మాత్రని 12 ఏళ్ల లోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే బ్యాన్ చేశారు, పెద్దవాళ్ల స్ట్రిప్‌లు ఇప్పటికీ ఇళ్లల్లో ఉంటాయి, అవే పిల్లల బ్యాగ్‌లోకి వెళ్తాయి. పైగా వానాకాలం జ్వరం డెంగ్యూ అయితే ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర వేయకూడదు, బ్లీడింగ్ రిస్క్. అది టీచర్‌కి ఎలా తెలుస్తుంది?

కూకట్‌పల్లి అమ్మ:
థాంక్స్ అండి అందరికీ. శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్లి రాయిస్తా. నర్సమ్మ గారూ, పీరియడ్స్ నొప్పికి వాడే మెఫ్తాల్ రాయమని అడగనా?

నర్సమ్మ:
ఏ మందో డాక్టర్‌నే తేల్చనివ్వండి, పాప బరువు, అలర్జీలు చెప్పండి చాలు. మెఫ్తాల్ రాస్తే మాత్రం ఖాళీ కడుపుతో వేయొద్దని చీటీలో రాయించండి, టిఫిన్ తినకుండా వచ్చే పిల్లలే మా దగ్గర ఎక్కువ.