హైస్కూల్ లైబ్రరీ: వర్గీకరణ, ఇష్యూ విషయంలో సలహా కావాలి

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. జూన్ నుంచి లైబ్రరీ కూడా నాకే అప్పగించారు. మాకు లైబ్రేరియన్ పోస్టు లేదు. మూడు బీరువాల్లో సుమారు 1,400 పుస్తకాలున్నాయి. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్ చాలా ఏళ్ల క్రితమే ఆగిపోయింది.

పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 వస్తుంది. కానీ మా పుస్తకాల్లో సగానికి పైగా తెలుగు కథలే. అన్నిటి మీదా అదే నంబరు ఉంటే ఆరో తరగతి పిల్లవాడు తనకి అర్థమయ్యే పుస్తకం ఎలా వెతుక్కుంటాడు? అందుకే చదివే స్థాయిని బట్టి పుస్తకం వీపు మీద రంగు స్టిక్కర్లు అంటిద్దామనుకుంటున్నాను. అలా చేసినవాళ్లు ఉంటే ఎన్ని స్థాయిలు పెట్టారో చెప్పండి. వానాకాలం చెమ్మకి స్టిక్కర్లు ఊడిపోవా?

కోహా, ఈ-గ్రంథాలయ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ల గురించి చదివాను. మాకున్నది ఆఫీసు కంప్యూటర్ ఒక్కటే. ఇంత చిన్న లైబ్రరీకి ఎక్సెల్ సరిపోతుందా?

అసలు టెన్షన్ పుస్తకాలు ఇష్యూ చేసే దగ్గరే. పుస్తకం పోతే డబ్బు కట్టాలేమోనని పిల్లలు ఇంటికి తీసుకెళ్లడం లేదు. సీనియర్ టీచర్లేమో రిఫరెన్స్ పుస్తకాలు నెలల తరబడి తమ దగ్గరే ఉంచుకుంటున్నారు. వాళ్లని అడగడానికి నాకు మొహమాటం. పుస్తకం బీరువాలో భద్రంగా ఉండటం కంటే నలిగినా పిల్లల చేతుల్లో ఉండటమే మేలని నా నమ్మకం. పోయిన పుస్తకాన్ని రికార్డుల్లోంచి పద్ధతి ప్రకారం ఎలా తీసేయాలి? స్టాఫ్‌కి ఎన్ని రోజుల గడువు పెడితే బాగుంటుంది?