పోటీ కంపెనీ కొనేసింది, నా పాత డ్రాయింగులు తెరుచుకోవట్లేదు, హెల్ప్

నీలిగీత:
పొద్దున్నుంచి ఇదే పని, తల వాచిపోయింది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎప్పుడో కొన్నా, ఒక్కసారి కడితే చాలన్నారు, ఇప్పుడు వాళ్లని పోటీ కంపెనీ కొనేసింది, కొత్త ల్యాప్‌టాప్‌లో వేస్తే లైసెన్స్ సర్వర్ దొరకలేదంటోంది. మెయిల్ పెడితే మా సబ్‌స్క్రిప్షన్‌కి మారండి, మొదటి ఏడాది డిస్కౌంట్ అట. వాళ్లది నచ్చకేగా దీన్ని కొనుక్కుంది! ఫైళ్లు ఎలా తెరవాలి?

పాతమౌస్:
ఏ ఫార్మాట్? ఏ వెర్షన్?

చెట్టుకింద:
ఇది కొత్తేం కాదండీ. 1994లో అడోబీ, ఆల్డస్ విలీనం అప్పుడు అడోబీ వాళ్ల బొమ్మల సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌కి గట్టి పోటీ అయిన, ఆల్డస్ అమ్ముతున్న ఫ్రీహ్యాండ్ కూడా అడోబీ చేతికే పోతుందని, మార్కెట్లో పోటీ పోకుండా చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ అడ్డుపడి, దాన్ని తయారుచేసిన ఆల్ట్‌సిస్ కంపెనీకే తిరిగి ఇప్పించింది. తర్వాత అది మాక్రోమీడియా అనే ఇంకో కంపెనీకి చేరింది. 2005లో అడోబీ ఏకంగా మాక్రోమీడియానే కొనేసింది, 2007లో ఫ్రీహ్యాండ్‌కి ఇక కొత్త వెర్షన్ రాదని చెప్పేసింది. వాడేవాళ్లు కోర్టుకెక్కారు కూడా. పోటీ ఉన్నన్నాళ్లే మనం కస్టమర్లం, తర్వాత వాళ్లు చెప్పిందే రేటు.

కామా_చుక్క:
విలీనం వేరు, కొనుగోలు వేరు. ఈయన అడిగింది రెండోది.

చెట్టుకింద:
నేను విలీనం అన్నది ఆల్డస్ గురించే, సరిగ్గా చదవండి. అయినా మూతపడ్డాక పేరేదైతే ఏంటి?

కామా_చుక్క:
పేరుని బట్టే పాత లైసెన్స్ బాధ్యత ఎవరిదో తేలుతుంది సార్.

పాతమౌస్:
అగ్రిమెంట్‌లో ఏం రాశారో దాన్ని బట్టి తేలుతుంది. ఫార్మాట్ అడిగా.

నీలిగీత:
వెర్షన్ గుర్తులేదు బ్రో, ఫార్మాట్ వాళ్ల సొంతదే. పాత కంప్యూటర్‌లో అయితే బానే తెరుచుకుంటోంది, రేపు అది ఎవరికో ఇచ్చేస్తున్నా.

పాతమౌస్:
ఈ ముక్క మొదట్లోనే చెప్పాలి కదా. ఇవ్వకు. ముందు దానికి నెట్ పీకెయ్, లైసెన్స్ చెక్ చేసుకోబోయి అదీ లాక్ అవ్వచ్చు. అన్నీ ఎస్‌వీజీలోకి (గీతల బొమ్మలకి అందరూ వాడే ఫార్మాట్), పీడీఎఫ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చెయ్. అక్షరాలుంటే రెండు కాపీలు, ఒకటి మామూలుగా, ఇంకోటి అక్షరాల్ని గీతలుగా మార్చి.

చెట్టుకింద:
ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సంగతి కూడా చూడండి, 2022లో 20 బిలియన్ డాలర్లకి కొంటామని అడోబీ ప్రకటించి, యూరప్, బ్రిటన్ అధికారులు ఒప్పుకునేలా లేరని 2023 డిసెంబర్‌లో వదిలేసుకుంది. అదే జరిగుంటే

కామా_చుక్క:
అది కొనుగోలే :)

నీలిగీత:
వస్తున్నాయి, గ్రేడియంట్లు (రంగు మెల్లగా మారే చోట్లు) మెట్లు మెట్లుగా పడ్డాయి కొన్నిట్లో, సర్లే. థాంక్స్ బ్రో