సిజేరియన్ శాతం ఆసుపత్రి బోర్డు మీద రాయించాలా?

ఉమ_బ్రాడీపేట
గుంటూరులో కొందరు తల్లులం కలిసి కలెక్టర్ గారికి అర్జీ ఇవ్వబోతున్నాం. ప్రతి కాన్పుల ఆసుపత్రీ తన సిజేరియన్ శాతం అందరికీ కనపడేలా బోర్డు మీద రాయాలన్నది మా కోరిక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో 63, ప్రభుత్వాసుపత్రుల్లో 26.6. దేశం మొత్తం మీద 21.5. ఒకే జిల్లా ఆడవాళ్ళకి గేటు మారితే ఇంత తేడా ఎందుకు రావాలి? మీరేమంటారు?

పటమట_ప్రసాద్
తప్పకుండా రాయించాలి. నేను సంతకం పెడతాను.

గైనిక్_డాక్టరమ్మ
ఉమ గారూ, పద్నాలుగేళ్ళుగా కాన్పులు చేస్తున్నాను. ఈ బోర్డు జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినవాళ్ళు, మాయ అడ్డం పడినవాళ్ళు తెనాలి నుంచి, నరసరావుపేట నుంచి అర్ధరాత్రి మా దగ్గరికే వస్తారు. వాళ్ళని తీసుకుంటే నా శాతం పెరుగుతుంది. పంపించేసిన ఆసుపత్రి బోర్డు మాత్రం అందంగా ఉంటుంది. రేపు ఎవరు కష్టమైన కేసు తీసుకుంటారు? 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒక అంకె పట్టుకుని వేలాడొద్దనీ, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడమనీ చెప్పింది.
ఇంకోటి. పంచాంగం పట్టుకొచ్చి ఫలానా గంటకి బిడ్డని తీయమనేది ఎవరు? మేమా?

కొత్తపేట_రమణ
ముహూర్తం పెట్టించుకోవడం మా ఇష్టం. మా మనవడికి పెట్టించాం. పిల్లాడు బంగారంలా ఉన్నాడు.

ఉమ_బ్రాడీపేట
రమణ గారూ, మీ మనవడు చల్లగా ఉండాలి. కానీ 39 వారాలు నిండకుండా ముహూర్తం కోసం తీస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది.
డాక్టరమ్మ గారూ, ఆ 2015 ప్రకటనలోనే మీ ప్రశ్నకి జవాబుంది. రాబ్సన్ పద్ధతిలో తల్లులని పది గుంపులు చేసి లెక్క వేయమన్నారు. తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి. ఆ ఒక్క గుంపు శాతం రాయండి చాలు. తెనాలి నుంచి ఫిట్స్‌తో వచ్చినవాళ్ళని పక్కన పెట్టి ఆ ఒక్కటీ చూపించండి.

కొత్తపేట_రమణ
39 వారాలు నిండాకే పెట్టించాం. తెలుసుకుని మాట్లాడండి.

పటమట_ప్రసాద్
ముహూర్తం గొడవ ఆపండి సార్. మా ఆవిడకి తొమ్మిదో నెలలో ఉమ్మనీరు తగ్గిందన్నారు. పది నిమిషాల్లో సంతకం పెట్టమన్నారు. భయపడి పెట్టాను. రెండో కాన్పుకి వెళ్తే, మొదటిది ఆపరేషన్ కాబట్టి ఇదీ అంతే అన్నారు, ఇంకో మాట లేదు. ఒకసారి ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామంది, అత్యవసర ఏర్పాట్లు ఉన్నచోట మామూలు కాన్పుకి ప్రయత్నించవచ్చని తర్వాత తెలిసింది. మాకు ఆ మాట ఎందుకు చెప్పలేదు? డబ్బు కోసం కాదా?

గైనిక్_డాక్టరమ్మ
డబ్బు, డబ్బు. ఎప్పుడూ ఇదే మాట. అయితే వినండి. మూడేళ్ళ కింద ఒకమ్మాయికి మామూలు కాన్పు చేద్దామని ఆగాను. బిడ్డ గుండె చప్పుడు ఒక్కసారిగా పడిపోయింది. పరిగెత్తాం. బిడ్డ దక్కలేదు. గంటలో ముప్పై మంది వచ్చి అద్దాలు పగలగొట్టారు. మా సిస్టర్ తలకి కుట్లు పడ్డాయి. ఆపరేషన్ చేసినందుకు నన్ను ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు. ఆగినందుకు కొట్టారు. ఆ రోజు నుంచి నాకు ఆగే ధైర్యం తగ్గింది. మీ బోర్డు మీద ఆ సంగతి ఎక్కడ రాస్తారు?

సత్తెనపల్లి_రోడ్
డాక్టరమ్మ గారు నిజం చెప్పారు.

పటమట_ప్రసాద్
అద్దాలు పగలగొట్టింది నేను కాదుగా.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఇన్ని రోజులు చదువుతూనే ఉన్నాను, రాయలేదు. నా మొదటి కాన్పు నార్మల్. పదకొండు గంటలు వెల్లకిలా పడుకోబెట్టారు, లేవనివ్వలేదు. మా అమ్మ గేటు బయటే నిలబడి ఉంది. దాహమంటే మంచినీళ్ళిచ్చే మనిషి లేదు. అరిచానని ఆయా తొడ మీద కొట్టి, అనకూడని మాట అంది. చెప్పకుండా కోసి, సరిగ్గా మత్తు ఎక్కకుండానే కుట్లు వేశారు. రెండోసారి నేనే బతిమాలి పెద్దాపరేషన్ చేయించుకున్నాను. నాకు ఏ అవసరమూ లేదు, భయం తప్ప. నన్ను ఏ శాతంలో రాస్తారు ఉమ గారూ?

ఉమ_బ్రాడీపేట
అమ్మా, మీ మాట చదివాక నిన్నంతా ఏమీ రాయలేకపోయాను. మా అర్జీలో తప్పుంది. ఆపరేషన్లు తగ్గించాలని అడిగామే గానీ, మామూలు కాన్పు భరించగలిగేలా ఉండాలని అడగలేదు.
2016 ఫిబ్రవరిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు అనుభవమున్న ఆడమనిషిని తోడు ఉంచవచ్చని చెప్పింది. 2017 డిసెంబర్లో మొదలైన 'లక్ష్య' కార్యక్రమం కూడా లేబర్ రూములో తల్లికి గౌరవం దక్కాలంటుంది. నచ్చిన తోడు ఉండాలి, నొప్పుల్లో నడవనివ్వాలి, మామూలు కాన్పులో అందరికీ అలవాటుగా కింద కోత పెట్టకూడదు అని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వీటినే మొదట రాస్తాం.

గైనిక్_డాక్టరమ్మ
ఆ తల్లికి జరిగింది తప్పు. దానికి సమర్థన లేదు. కానీ ఒకే గదిలో నాలుగు బల్లలున్నచోట, పక్కామె బంధువుల ముందు ఇంకొకామె ఎలా పడుకుంటుంది? తెరలు కావాలి. రాత్రిపూట ఇద్దరే సిస్టర్లుంటే నొప్పులు పడే మనిషి చేయి పట్టుకునేదెవరు?

ఉమ_బ్రాడీపేట
అందుకే తోడు. మీ సిస్టర్లు పట్టుకోలేని చేయి వాళ్ళమ్మ పట్టుకుంటుంది. తెరలూ అడుగుతాం. నర్సులకి పద్దెనిమిది నెలల శిక్షణ ఇచ్చి, మామూలు కాన్పులు చూసుకునే మిడ్‌వైఫ్‌లని చేయాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, వాళ్ళని మన జిల్లాకీ వేయమని అడుగుదాం.

పటమట_ప్రసాద్
అంటే బోర్డు వదిలేశారా? నేను ఒప్పుకోను.

ఉమ_బ్రాడీపేట
వదలలేదు ప్రసాద్ గారూ. తొలి కాన్పుల గుంపు శాతం మాత్రమే రాయమంటాం.

గైనిక్_డాక్టరమ్మ
అది అప్పుడూ ఒప్పుకోను, ఇప్పుడూ ఒప్పుకోను. తోడు, తెరలు, సిస్టర్లు, ఆసుపత్రుల మీద దాడులు జరగకుండా రక్షణ, ఈ నాలుగూ వేరే కాగితం మీద రాయండి. దాని మీద సంతకం పెడతాను.

ఉమ_బ్రాడీపేట
సరే, రెండు కాగితాలు రాస్తాం. సోమవారం కలెక్టరేట్ దగ్గర పది గంటలకి.

ఇద్దరు_పిల్లల_తల్లి
నా పేరు రాయొద్దండీ. కొట్టిన సంగతి మాత్రం రాయండి.