లైన్లు యంత్రం చూసుకుంటుంటే టెన్నిస్ అంపైరింగ్‌లోకి దిగొచ్చా?

బేస్‌లైన్_బాబు:
విజయవాడ. డిగ్రీ చివరి ఏడాది. అంపైరింగ్ వృత్తిగా చేద్దామని ఉంది. కానీ 2025 నుంచి ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్) టూర్‌లోనూ వింబుల్డన్‌లోనూ లైన్ అంపైర్లే లేరు. ఇప్పుడు దిగడం తెలివైన పనేనా? ముందు ఏం నేర్చుకోవాలి?

రెండో_సర్వు:
దిగొచ్చు, కాకపోతే పాత మెట్టు ఒకటి విరిగిపోయింది. ఇదివరకు పెద్ద టోర్నీల్లో లైన్లు చూస్తూ అనుభవం గడిస్తే కుర్చీకి దారి దొరికేది. ఇప్పుడు మొదటి నుంచీ చెయిర్ అంపైర్‌గానే (ఎత్తు కుర్చీలోంచి మ్యాచ్ నడిపే అంపైర్) ఎదగాలి. రాష్ట్ర టెన్నిస్ సంఘం, ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) శిక్షణ తరగతులతో మొదలుపెట్టండి. తర్వాత అంతర్జాతీయ స్థాయిలో వైట్, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ బ్యాడ్జీలు. కంటిచూపు పరీక్ష తప్పదు. చిన్న టోర్నీల్లో లైన్ అంపైర్లు ఉండరు, అన్ని గీతలూ మీ కళ్లే చూడాలి. అసలు చదువు అక్కడే.

టైబ్రేక్_తాత:
తమ్ముడూ, కొత్తవాళ్లు బోల్తా పడేది అవుట్ కాల్స్ దగ్గర కాదు, లెక్క దగ్గర. టూర్ మ్యాచ్‌లో బంతులు మొదట 7 గేములకు, ఆ తర్వాత ప్రతి 9కి మారతాయి. మొదటిసారి రెండు తక్కువ ఎందుకంటే వార్మప్‌ని రెండు గేముల కింద లెక్కేస్తారు. మార్పు సరిగ్గా టైబ్రేక్ (సెట్ 6-6 అయితే ఆడే గేమ్) మొదట్లో వస్తే అప్పుడు మార్చకూడదు, తర్వాతి సెట్ రెండో గేమ్ దాకా ఆగాలి. స్కోరు కార్డు మీద ముందే గుర్తు పెట్టుకోకపోతే ఇది కచ్చితంగా మర్చిపోతారు.

మ్యాచ్‌కి ముందు టేపుతో నెట్ మధ్యలో 0.914 మీటర్లు ఉందో లేదో కొలవండి. డబుల్స్ నెట్ మీద సింగిల్స్ ఆడిస్తుంటే సింగిల్స్ గీతకు బయట అంతే దూరంలో, 1.07 మీటర్ల కర్రలు నిలబెట్టాలి.

ఎర్రమట్టి:
యంత్రం లేని క్లే (మట్టి) కోర్టు గురించి ఒక్క మాట. మట్టిలో బంతి పడిన గుర్తు చూడమని ఆటగాడు అడగాలంటే పాయింట్ ఆ బంతితో ముగియాలి, లేదా ఆటగాడు అక్కడే ఆగిపోవాలి. కొట్టేసి, పాయింట్ పోయాక అడిగితే కుదరదు. మీరు తేల్చేలోపు ఆటగాడు ఆ గుర్తును కాలితో చెరిపేస్తే ఆ కాల్ వదులుకున్నట్టే. కుర్చీ దిగేముందే బంతి ఎక్కడ పడిందో కన్ను కదలకుండా పట్టుకోండి. దిగాక వెతికితే పక్క గుర్తు చూస్తారు.

బేస్‌లైన్_బాబు:
థాంక్సండీ. ఆటగాడు అరిస్తే?

టైబ్రేక్_తాత:
శిక్షకు మెట్లు ఉన్నాయి: వార్నింగ్, పాయింట్ కోత, గేమ్ కోత. 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో సెరెనా విలియమ్స్‌కి అంపైర్ కార్లోస్ రామోస్ వేసింది ఈ వరుసలోనే. బంతి లోపలా బయటా అన్నదాంట్లో మీ మాటే తుది. రూల్ అన్వయం మీద వాదిస్తే మాత్రం రెఫరీని పిలవమనే హక్కు ఆటగాడిది. ఈ తేడా తెలియక చాలామంది అనవసరంగా గొంతు చించుకుంటారు. సమయం వృథా చేస్తే పైన చెప్పిన శిక్షల వరుస వర్తించదు, దానికి వేరే లెక్క: మొదట వార్నింగ్, తర్వాత సర్వర్‌కి ఒక సర్వ్ పోతుంది, రిసీవర్‌కి పాయింటే పోతుంది.

రెండో_సర్వు:
మరొకటి. పాయింట్ అవగానే ట్యాబ్‌లో స్కోరు నొక్కండి. కావాలని ఆలస్యం చేసి బెట్టింగ్ వాళ్లకు సాయపడిన అంపైర్లు నిషేధాలకు గురయ్యారు. టెన్నిస్ మీద పందెం రూపాయైనా వద్దు.

ఎర్రమట్టి:
యంత్రం ఉంది కదా అని కన్ను వాడడం మానొద్దు. 2025 వింబుల్డన్‌లో పావ్లుచెంకోవా, కార్టల్ మ్యాచ్‌లో 4-4 దగ్గర ఒక గేమ్‌లో కోర్టు ఒక వైపు ఎలక్ట్రానిక్ వ్యవస్థ పొరపాటున ఆపేసి ఉంది. బంతి బయటే పడింది, కాల్ రాలేదు, అంపైర్ పాయింట్‌ని మళ్లీ ఆడించాడు. యంత్రం పలకనప్పుడు చెప్పాల్సింది అంపైరే, తనకూ తెలియకపోతేనే మళ్లీ ఆడించాలి.