జింకు రేకు కాథోడు నుంచి ఎందుకు ఊడిరావడం లేదు?

కావలి విద్యార్థి:
మా కాలేజీ ల్యాబులో జింకు సల్ఫేటు, గంధకామ్లం కలిపిన ద్రావణంలో సీసపు ఆనోడు (ధన ధ్రువం), అల్యూమినియం కాథోడు (జింకు పేరుకునే ఋణ ధ్రువం) పెట్టి, కరెంటు పంపి జింకు తీస్తున్నాము. పేరుకున్న రేకు అల్యూమినియానికి అతుక్కుపోయి, ఒలవబోతే ముక్కలుగా విరుగుతోంది. పైగా దాని నిండా సూదితో పొడిచినట్టు రంధ్రాలు ఉన్నాయి. ద్రావణానికి బోరు నీళ్లే వాడాము. లోపం ద్రావణం కూర్పులోనే ఉందంటారా?

ఒంగోలు కెమిస్ట్రీ మాస్టారు:
బోరు నీళ్లు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఉండి ఎముకలను పట్టి పీడించే ఫ్లోరైడే ఇక్కడ అల్యూమినియం మీది పలుచని ఆక్సైడు పొరను తినేస్తుంది; ఆ పొర పోయిన చోట జింకు నేరుగా లోహానికే అంటుకుంటుంది కనుక రేకు ఊడిరాదు. క్లోరైడు ఉంటే సీసపు ఆనోడును కొరుకుతుంది, ఆ సీసం చివరకు మీ జింకులోనే చేరుతుంది. ముందు డిస్టిల్డు వాటరుతో మళ్లీ చేసి చూడండి.

నెల్లూరు మెటలర్జీ ఇంజనీరు:
మాస్టారు గారు చెప్పింది అతుక్కోవడానికి సరిపోతుంది కానీ, రంధ్రాలకు కారణం వేరు కావచ్చు. జింకు ప్రమాణ పొటెన్షియల్ (కాథోడు మీద ఏది ముందు వెలువడుతుందో చెప్పే కొలత) −0.76 వోల్టులు, హైడ్రోజనుది సున్నా, అంటే లెక్క ప్రకారం జింకు కంటే ముందు హైడ్రోజనే వెలువడాలి. శుద్ధమైన జింకు మీద హైడ్రోజను పుట్టడం కష్టం కాబట్టే ఈ పరిశ్రమ నడుస్తోంది. కోబాల్టు, నికెలు, ఆంటిమొనీ, జెర్మేనియం లేశమాత్రంగా చేరినా ఆ అడ్డు తొలగి, పేరుకున్న జింకు అక్కడక్కడ తిరిగి కరిగిపోయి రంధ్రాలు పడతాయి. అందుకే కర్మాగారాల్లో ద్రావణాన్ని ముందుగా జింకు పొడితో శుద్ధి చేస్తారు. మాంగనీసు మాత్రం కొద్దిగా ఉంటే మంచిదే. ఆనోడు మీద మాంగనీసు డయాక్సైడు పొర కట్టి సీసాన్ని కాపాడుతుంది.

కావలి విద్యార్థి:
జింకు సల్ఫేటు వరిచేలకు వేసేది, ఎరువుల కొట్లో కొన్నామని చెప్పడం మరిచాను.

నెల్లూరు మెటలర్జీ ఇంజనీరు:
అయితే నేను చెప్పిన మలినాలు దానిలోనే ఉండవచ్చు, నీళ్లతో పాటు దాన్నీ మార్చండి.